తిమింగలం తర్వాతి బండి

లాలాగూడ, సికింద్రాబాద్
8 అక్టోబర్ 2025

ప్రియమైన పెదనాన్నకి, షెకీనా వందనాలు.

మన తిమింగలం పోయింది. పెద్దమ్మ ఈ మాట మీ భుజం మీంచి చదివి గుండె పట్టుకుంటుందేమో, మనుషులందరం క్షేమమే అని ముందే చెప్పండి. పోయింది మీ నీలం వ్యానే. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఆగింది, పచ్చలైటు పడ్డాక కదల్లేదు. మెకానిక్ బ్రహ్మచారి మూత ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా దించి, "అక్కా, దీన్ని ఇంక తక్లీఫ్ పెట్టకు. చేసినకాడికి చేసింది" అన్నాడు. పియానోను లాలాగూడలో మింగి బొల్లారంలో కక్కుతుందని, బైబిల్లో యోనా కథ గుర్తొచ్చి మీరే దానికి ఆ పేరు పెట్టారు. ఇన్నేళ్ళు మింగింది చాలనుకుందేమో.

ఏడవడం నిన్నటితో అయిపోయింది. ఇవాళ నాకు కాలు నిలవడం లేదు. మనం కొత్త పికప్ బండి కొనబోతున్నాం. బ్యాంకు వాళ్ళు సరేనన్నారు. నాన్న కూడా సరేనన్నారు, అంటే పేపరు మీంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నారు. మీ తమ్ముడి సంగతి మీకు తెలియనిది కాదు, రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక పట్టాల మీద నడవని దేన్నీ ఆయన బండిగా లెక్కపెట్టరు.

మూడు బండ్లు చూశాను. మొదటిది గజబల్. మన తిమింగలం తయారుచేసిన కంపెనీదే, డీజిలు, ఏనుగులాంటి బండి. రెండోది ఈ-హంస. కరెంటు బండి పెదనాన్నా. బటన్ నొక్కితే వెనక తొట్టి మోకాళ్ళ ఎత్తుకి దిగుతుంది, పియానోను పలకల మీద నుంచి నలుగురు ఈడ్చాల్సిన పనే లేదు. స్టీరింగు పక్కన తెర ఉంది, వెనక ఏముందో చూపిస్తుంది. మూడోది నన్హా. బుల్లి బండి. మన క్వార్టర్ల సందుల్లోకి దూరిపోతుంది, హార్మోనియంలు ఇచ్చి రావడానికీ, అమ్మకి గ్యాస్ బండ తేవడానికీ అంతకు మించింది లేదు. మూడూ కావాలనిపిస్తోంది. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు షోరూమే.

ఇంత తొందర ఎందుకో మీకు తెలియాలి. డిసెంబర్ 14న బొల్లారం చర్చిలో క్యారల్ సర్వీసు. మీకు వినికిడి తగ్గి, దుకాణం నాకు అప్పగించి బందరు వెళ్ళిన దగ్గర్నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఒకటే గొడవ. పియానో ఇక్కడ శ్రుతిలో బయల్దేరి అక్కడికి అపశ్రుతిలో చేరుతోంది. నేను అక్కడికక్కడ కూర్చుని హడావుడిగా సరిచేసుకునేదాన్ని. పోయినేడు అదీ కుదరక, మొదటి పాటకే జనం మొహాలు చూసుకున్నారు. మొన్న చర్చి కమిటీ సెక్రటరీ మేబెల్ ఆంటీ మొహమాటం లేకుండా చెప్పేశారు. "చూడు బిడ్డా, ఈసారి సుత గిట్లనే అయితే కమిటీ కీబోర్డు కొంటది. నేను ఆపలేను." బొల్లారం వాళ్ళు మన కిరాయి పియానో మానేస్తే మిగతా చర్చిలూ మానేస్తాయి. మన దుకాణం తలుపులు మూసుకోవడమే.

జనం వ్యానుని అనరు కదా, నన్నంటారు. వాళ్ళ పెదనాన్న జెరెమియా చెవి ఈ పిల్లకి రాలేదంటారు. నేను మాత్రం తిమింగలందే తప్పని నమ్ముతున్నాను. ముసలిదై ఎగిరెగిరి పడేది. ఒంటరిగా ఎగిరేది కూడాను, సరుకు బండిలో మనుషులను ఎక్కిస్తే పోలీసులు ఊరుకోవడం లేదని పాటలు పాడే క్వాయరు వాళ్ళంతా మీరు వెళ్ళిన ఏడు నుంచీ ఎంఎంటీఎస్ రైల్లో వస్తున్నారు. కొత్త బండి వస్తే ఈ పీడ వదులుతుంది.

నాకు డ్రైవింగ్ వచ్చుగానీ పెద్ద బండి ఇంకా భయమే. జకర్యా గారు తోడొస్తున్నారు. ఆయన చెయ్యి స్టీరింగు మీద పడితే బండి మాట వింటుంది.

ఫోనులో మీకు వినపడదు, మెసేజ్ పెడితే చదవరు. కాబట్టి స్పీడ్ పోస్టులోనే సలహా పంపండి. ఏ బండి?

మీ
షెకీనా

మచిలీపట్నం
13 అక్టోబర్ 2025

చిన్నారి షెకీనాకి, పెదనాన్న దీవెనలు.

ఏ బండి అని అడగడమేమిటే? గజబల్. ఉత్తరం ఇక్కడితో ఆపేయవచ్చు, కానీ పోస్టు ఖర్చు దండగని కొనసాగిస్తున్నాను.

బండి అన్నాక మొదట చూడాల్సింది నడిరోడ్డు మీద వదిలేయదు కదా అని. తిమింగలం నీ చేతికొచ్చేటప్పటికే ముసలిది, అయినా ఇన్నేళ్ళు లాగింది. ఆ కంపెనీవాడు తెరలు పెట్టడు, ఇనుము పెడతాడు. తొట్టి మోకాళ్ళ దాకా దిగుతుందంటున్నావు, దిగింది ఎక్కకపోతే ఏం చేస్తావు? బొల్లారం గేటు దగ్గర దానికి కరెంటు అయిపోతే పక్కింటి వాళ్ళని ప్లగ్గు అడుగుతావా? ఇక నన్హా. దానిమీద పియానో ఎక్కిస్తే చంటిపిల్లాడి నెత్తిన బీరువా పెట్టినట్టుంటుంది. రోజువారీ పనికి బాగుంటుందని ఒప్పుకుంటాను, గ్యాస్ బండకి. మనం గ్యాస్ బండల వాళ్ళం కాదు.

నీ చెవి గురించి ఎవరో ఏదో అన్నారని రాశావు. పట్టించుకోకు.

ఇంకో సంగతి. ఈ జకర్యా గారు ఎవరమ్మా? నువ్వు ఎదురింటి ఎమ్మెల్యే అభ్యర్థికి కూడా గారు తగిలించని మనిషివి. ఆయన చెయ్యి పడితే బండి మాట వింటుందని కూడా రాశావు. మీ పెద్దమ్మ ఆ ముక్క మూడుసార్లు చదివి, "బండికేనా?" అంది. మన సంఘమేనా? ఏం చేస్తుంటారు? బండి గురించి ఎంత వాకబు చేస్తున్నావో మనిషి గురించి కూడా అంత చేయాలి. నమ్మకమైనవాడా, కొత్త ఆలోచనలు ఉన్నవాడా, రోజువారీ పనికి అక్కరకొస్తాడా. ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఇక్కడ సముద్రపు గాలికి పెద్దమ్మ మోకాళ్ళు బాగున్నాయి. నాకు ఇప్పుడు చర్చి గంట కూడా వినపడటం లేదు. ఆదివారం నన్ను తట్టి లేపుతోంది.

మీ పెదనాన్న
జెరెమియా

లాలాగూడ
20 అక్టోబర్ 2025

పెదనాన్నకి వందనాలు, పెద్దమ్మ మోకాళ్ళకి కూడా.

నేను కనిపెట్టిన పద్ధతి విన్నారంటే లేచి నిలబడతారు. అందరూ బండిని ఖాళీగా తిప్పి, హారన్ కొట్టి, టైరుని కాలితో తన్ని కొనుక్కుంటారు. మనం పియానో వాళ్ళం. పియానో ఎక్కించి చూడాలి. దుకాణంలో పిల్లలు నేర్చుకునే పియానో ఉంది కదా, దాన్ని ప్రతిసారీ ఇక్కడ శ్రుతి చేసి, బొంతలు చుట్టి, బండికెక్కించి, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా బొల్లారం చర్చి గేటు దాకా తీసుకెళ్ళి, దించకుండానే మూత తెరిచి వాయించి చూడటం. ఏ బండిలో శ్రుతి నిలిస్తే అదే మన బండి.

ఈ మాట చెప్తే గజబల్ షోరూమ్ కుర్రాడు నోరు తెరిచాడు. "మేడం, పియానోతోని టెస్ట్ డ్రైవ్ ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే. జర మా సార్‌ని అడిగొస్త." వాళ్ళ సారు కూడా నవ్వుతూ వచ్చి, చివరికి తనే ఒక మూల పట్టాడు. బొల్లారం గేటు దగ్గర మేం బండి మీద పియానో వాయిస్తుంటే కంటోన్మెంటు జవాన్లు సైకిళ్ళాపి నిలబడ్డారు. నాకు సిగ్గేయలేదు. అసలు ఈ వారమంతా పండగలా ఉంది.

ఫలితాలు చెప్తున్నాను. నన్హా మీరన్నట్టే. మూల తిరిగినప్పుడల్లా ఒక పక్కకి ఒరిగింది, జకర్యా గారు నడిచే మనిషి కన్నా మెల్లగా పోనిచ్చారు. శ్రుతి పెద్దగా చెడలేదుగానీ నా ప్రాణం చెడింది. ఈ-హంస మాత్రం పెదనాన్నా, పేరుకి తగ్గట్టు నీళ్ళ మీద పోయినట్టు పోయింది. శబ్దం లేదు, కుదుపు లేదు. మూత తెరిచి వాయిస్తే ఇక్కడ ఎలా పలికిందో అక్కడా అలాగే పలికింది. నాకు గంతులేయాలనిపించింది, తొట్టి మీద ఉన్నానని ఆగాను.

మీ గజబల్ గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు. పాపం ఇంజను బంగారమే. కానీ వెనక ఎంత గట్టిగా ఉందంటే, ప్రతి స్పీడు బ్రేకరుకీ పియానో లోపల తీగలన్నీ ఒకేసారి మూలిగాయి. బొల్లారంలో తెరిస్తే పై స్థాయి సగం అపశ్రుతి. అచ్చం తిమింగలం చేసినట్టే చేసింది.

జకర్యా గారి గురించి అడిగారు. మన సంఘమే. చాలా నమ్మకమైన మనిషి. ఇంట్లో అందరికీ నచ్చారు, నాన్న అయితే ఆయనతో గంటలు గంటలు మాట్లాడతారు. అమ్మ నిన్న ఆయనకి పులిహోర చేసి పెట్టింది.

ఈ-హంసకే నా ఓటు. మీరు సరేనంటే బుక్ చేస్తాను.

మీ
షెకీనా

మచిలీపట్నం
26 అక్టోబర్ 2025

షెకీనాకి, దీవెనలు.

నీ పద్ధతి చదివి నిజంగానే లేచి నిలబడ్డాను, పెద్దమ్మ సాక్షి. మా నాన్నకి రాని ఆలోచన, నాకు రాని ఆలోచన నీకు వచ్చింది. కానీ దాని ఫలితం మాత్రం నేను నమ్మను.

గజబల్‌లో శ్రుతి పోవడమేమిటి? తిమింగలానికీ దానికీ వెనక చక్రాల మీద ఉండేవి ఒకటే రకం కమాన్ పట్టీలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప బద్దీలు. అదే కంపెనీ, అదే కొలత. ఆ పట్టీల మీదే నేను ఇరవై ఆరు క్రిస్మస్‌లు అదే రోడ్డున బొల్లారం వెళ్ళాను. అప్పటి రోడ్డు ఇప్పటికన్నా అధ్వానం. ఒక్కసారి కూడా శ్రుతి పోలేదు. దించి, దుప్పటి తీసి, వాయించడమే. నేను అక్కడ శ్రుతి చేసే హ్యామర్ సంచిలోంచి తీసిన గుర్తే లేదు. మరి నీకెందుకు పోతోంది? ఎక్కించే ముందు సరిగా బిగించావా? తొందరలో చేశావేమో. మళ్ళీ చెయ్యి.

జకర్యా గారి సంగతి అర్థమైంది. పులిహోర దాకా వచ్చాక ఇంక దాచడమెందుకు? మీ నాన్న చెప్పడు, మీ అమ్మ సిగ్గుపడుతుంది, పెద్దవాణ్ణి నేనే పూనుకోవాలి కదా. మేబెల్ గారికి ఆ ఊళ్ళో తెలియని సంఘసభ్యుడు లేడు. నిన్ననే ఆమెకి ఉత్తరం రాసి పోస్టు చేశాను. కుర్రాడి గుణగణాలు, ఉద్యోగం, ఎందరు అన్నదమ్ములు, తాగుడు గిట్ట ఉందా, అన్నీ అడిగాను. నువ్వు కంగారుపడకు.

పెదనాన్న

లాలాగూడ
2 నవంబర్ 2025

పెదనాన్నకి,

ఏం చేశారు మీరు?

జకర్యా గారికి అరవై ఆరేళ్ళు. రిటైరైన లోకో పైలట్. ఆరుగురు మనవలు. కాజీపేట నుంచి నిరుడే వచ్చి మన వెనక వీధిలో ఇల్లు తీసుకున్నారు, నాన్నతో గంటలు గంటలు ఇంజన్ల గురించి మాట్లాడతారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఆయన మేబెల్ ఆంటీకి సొంత అన్నయ్య.

ఆంటీ మీ ఉత్తరం చేతిలో పట్టుకుని నేరుగా దుకాణానికి వచ్చేశారు. నేను భూమిలోకి వెళ్ళిపోదామనుకున్నాను. ఆంటీ కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "మా అన్నకి తాగుడు లేదు, ఛాయ్ పిచ్చి ఉన్నది. గుణగణాలు మా వదినను అడుగుమని రాస్త మీ పెదనాన్నకు" అన్నారు. జకర్యా గారికి కూడా చదివి వినిపించారు. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఈ ఉమర్‌ల నాకు సంబంధం వచ్చిందంటే మా ముసల్దానికి చెప్పాలె" అని ఒకటే మురిసిపోతున్నారు. సంఘమంతా ఇప్పుడు ఆయన్ని పెళ్ళికొడుకా అనే పిలుస్తోంది.

దీనివల్ల ఒక పని జరిగింది. అసలు మీరిద్దరూ బండ్లతో ఏం చేస్తున్నారని ఆంటీ అడిగారు. చెప్పాను. నేనూ వస్తానన్నారు. మీరు మళ్ళీ చేయమన్నారు కాబట్టి గజబల్ మళ్ళీ తెచ్చాం. ఈసారి తొందరపడలేదు, ఒక పూటంతా కూర్చుని శ్రుతి చేశాను. ఆంటీ వాయించి చూసి, "మంచిగున్నది బిడ్డా" అన్నారు. ముందు సీట్లో కూర్చుని వచ్చారు. బొల్లారంలో ఆవిడే మూత తెరిచి ఆవిడే వాయించారు. రెండు స్వరాలకే చెయ్యి తీసేశారు. మూత తనే మెల్లగా మూసేశారు. అదే ఎక్కువ బాధేసింది.

ఇంకో దెబ్బ. ఈ-హంస వాళ్ళు జనవరి దాకా బండి ఇవ్వలేమన్నారు. క్రిస్మస్ లోపల చేతికొచ్చేది గజబల్ ఒక్కటే. బయట బండి అద్దెకు మాట్లాడదామంటే అవీ దాని సోదరులే. అంటే డిసెంబర్ 14న జరగబోయేది నాకు ఇప్పుడే తెలుసు.

మీ ఉత్తరంలో ఒక మాట రోజూ చదువుతున్నాను. అదే పట్టీలు, అదే రోడ్డు, ఒక్కసారి కూడా శ్రుతి పోలేదు. మరి నీకెందుకు పోతోంది అన్నారు. బండి అదే, రోడ్డు అదే, పియానో అదే. మారింది నేనొక్కదాన్నే పెదనాన్నా. ఇన్నాళ్ళూ తిమింగలాన్ని తిట్టుకుంటూ నన్ను నేను మోసం చేసుకున్నాను. నా చెయ్యి బిగించింది నిలవదు. మీ చెవి నాకు రాలేదు.

కీబోర్డు కొనుక్కోండని ఈ నెల పదిహేనున కమిటీ మీటింగులో నేనే చెప్పేద్దామనుకుంటున్నాను. వాళ్ళు చెప్పేదాకా ఆగడమెందుకు. మీకు ముందుగా చెప్పడం న్యాయం కదా అని రాస్తున్నాను.

షెకీనా

మచిలీపట్నం
8 నవంబర్ 2025

షెకీనా తల్లీ,

ఆగు. మీటింగులో నోరు విప్పకు. ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

నీ ఉత్తరం చూసి నాకు అన్నం దిగలేదు. నేను నిన్ననలేదే పిల్లా, గజబల్‌ని వెనకేసుకొచ్చాను, అంతే. నువ్వు దాన్ని ఎక్కడికో తీసుకుపోయావు. సరే, నీ పద్ధతే నేనూ చేద్దామనుకున్నాను. మా పక్కింటి బియ్యం కొట్టు వాళ్ళకి గజబల్ ఉంది, నిన్న పొద్దున గుడివాడ మిల్లుకి సరుకు కోసం పోతుంటే నేనూ వెనక తొట్టిలో ఎక్కాను. డెబ్బై రెండేళ్ళ వాడివి, ముందు కూర్చో అని వాళ్ళు బతిమాలారు, వినలేదు. నా చెవులు పోయినా అరచేతులున్నాయి. చెయ్యి తొట్టి మీద ఆనించి కూర్చున్నాను.

గుడివాడ దాకా నా పళ్ళు ఊడకపోవడం దేవుడి దయ. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. రాయి తగిలినప్పుడల్లా ఇనుము ఇనుమునే గుద్దింది. ఇందులో పియానో కాదు కదా, కొబ్బరికాయ కూడా శ్రుతిలో ఉండదు.

మిల్లు దగ్గర బస్తాలు నింపారు. తిరుగు ప్రయాణంలో నేను బస్తాల మధ్య కూర్చున్నాను. అదే బండి, అదే రోడ్డు. బందరు దగ్గర వాళ్ళు నన్ను తట్టి లేపారు. నిద్రపోయాను నేను. పరుపు మీద పోయినట్టు పోయింది.

ఇంటికొచ్చి పెద్దమ్మకి ఈ వింత చెప్తే, అది కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా ఏమందో కాగితం మీద రాయించాను. ఇదిగో ఆమె మాటలే:

"షెకీనా, నేను పెద్దమ్మని. ఇందులో వింతేముంది? అప్పట్లో క్వాయరంతా ఆ వ్యానులోనేగా వెళ్ళేది. పియానో చుట్టూ డజను మందిమి, దానికి భుజాలు ఆనించి, పాడుకుంటూ. బేసు పాడేవాళ్ళు ఒక్కొక్కరు రెండు బస్తాల మనుషులు. సోప్రానో శ్యామలమ్మ తక్కువేం కాదు. మా నడుములు పోయేవి గానీ వ్యాను ఒక్కసారి ఎగిరిందా?"

చదివావా? ఆ పట్టీలు టన్నుల బరువు మొయ్యడానికి చేసినవి. బరువుంటేనే కిందికి వంగి మెత్తబడతాయి. ఒక్క పియానో వాటికి ఈగ వాలినట్టు. నా రోజుల్లో వాటిని వంచింది క్వాయరు. నువ్వు దుకాణం తీసుకున్న ఏడే వాళ్ళు రైలెక్కారు. నువ్వే మొదటి ఉత్తరంలో రాశావు, నేనే చదివి వదిలేశాను. మనమిద్దరం చెవుల వాళ్ళం కాబట్టి ప్రతిదానికీ చెవినే అనుమానిస్తాం.

నీ చెయ్యి బాగుంది. నీ చెవి బాగుంది. నేను చెప్తున్నాను.

ఇసుక సంచులు వేసి మళ్ళీ చూడు. మేబెల్ గారిని వెంట తీసుకెళ్ళు. ఆమెకి నా క్షమాపణ చెప్పు, పెళ్ళికొడుక్కి కూడా.

పెదనాన్న

లాలాగూడ
16 నవంబర్ 2025

నా బంగారు పెదనాన్నకి,

మీ ఉత్తరం పదకొండున వచ్చింది. చదివి దుకాణం తాళం వేయకుండానే వెనక వీధికి పరిగెత్తాను. పక్కన ఇల్లు కడుతున్న వాళ్ళని అడిగి ఇసుక సంచులు తెచ్చాం. జకర్యా గారు గజబల్ మళ్ళీ తెచ్చి, తొట్టి నిండా సమంగా పేర్పించి, మధ్యలో పియానో నిలబెట్టి, అటూ ఇటూ సంచులు ఆనించారు. "గిదే కదా బిడ్డా, ఖాళీ వ్యాగన్ ఎట్ల ఎగురుతదో నాకు ఎరుకలేదా? పియానో బరువే అనుకొని ఊకున్న" అని తల కొట్టుకున్నారు. ముగ్గురం బయల్దేరాం. మేబెల్ ఆంటీ ముందు సీట్లో కూర్చున్నారు. అల్వాల్ స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. బండి వంగింది, లేచింది. అంతే. లోపల తీగలు మూలగలేదు.

బొల్లారంలో ఆంటీ మూత నన్నే తెరవమన్నారు. కింది స్వరం నుంచి ఒక్కొక్కటే పైకి వెళ్ళాను. అన్నీ నేను లాలాగూడలో ఎక్కడ ఉంచానో అక్కడే ఉన్నాయి. చివరి స్వరం దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, అక్కడే ఏడ్చేశాను. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేసి, "ఇన్నేండ్లు నిన్ను ఉత్తగ అన్నం కదా బిడ్డా" అన్నారు. నాకు అదొక్కటే చాలు పెదనాన్నా. దుకాణం నిలుస్తుందా లేదా అన్నది ఆ నిమిషంలో గుర్తు కూడా రాలేదు.

నిన్న మీటింగులో మాట్లాడింది ఆంటీయే. ఈ క్రిస్మస్‌కి పియానోయే, కానీ శ్రుతి చెడితే ఇదే ఆఖరు అని కమిటీ అంది. సరేనన్నాను. గజబల్ బుక్ చేశాను, డిసెంబర్ 5న వస్తుంది. షోరూమ్ కుర్రాడు, "మేడం, మిగతా గిరాకీలకు సుత ఈ ఇసుక సంగతి చెప్పాల్నా?" అని అడిగాడు.

డిసెంబర్ 14న ఇసుక అక్కర్లేదు. క్రిస్మస్‌కి సంఘం ముసలివాళ్ళకి బియ్యం పంచుతుంది కదా, ఆ బస్తాలు తేవడానికి ఏటా ఆంటీ ఆటోల వెంట పరేషాన్ అవుతారు. ఈసారి బియ్యం, పియానో ఒకే బండిలో వెళ్తాయి. రోజువారీ పనికి గజబల్ పనికిరాదని ఎవరన్నారు?

మీరూ పెద్దమ్మా రండి. దయచేసి రండి.

మీ
షెకీనా

మచిలీపట్నం
23 నవంబర్ 2025

షెకీనాకి,

ఎంత సంతోషంగా ఉందో రాయలేను. పెద్దమ్మ వీధిలో అందరికీ మిఠాయి పంచింది, ఎందుకో చెప్పమంటే ఇసుక కోసమంది.

రావడం మాత్రం కుదరదు తల్లీ. ఇది అలక కాదు. ఇరవై ఆరేళ్ళు ఆ పియానో నా చేతి కింద పలికింది. అది పలుకుతుంటే అందరూ వింటూ, నేనొక్కణ్ణే వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. అందుకే కదా బందరు వచ్చేశాను. నువ్వు రాసి పంపు. నీ ఉత్తరంలో నాకు బాగా వినిపిస్తుంది.

పెదనాన్న

లాలాగూడ
15 డిసెంబర్ 2025

ప్రియమైన పెదనాన్నకి,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

పొద్దున్నే బియ్యం బస్తాలు ఎక్కించాం, ముప్పై. వాటి నడుమ మన పియానో, భుజాలు ఆనించిన క్వాయరు మధ్య నిలబడ్డట్టే ఉంది. బండి నేనే నడిపాను. జకర్యా గారు పక్కన కూర్చుని ఛాయ్ తాగారు. ఒక్క చుక్క ఒలకలేదు, అదే నాకు ఆయనిచ్చిన సర్టిఫికెట్. ప్రళయంలో అన్నిటినీ ఎక్కించుకున్నట్టు ఇన్ని ఎక్కించాం కాబట్టి ఈ బండికి ఆయన నోవహు ఓడ అని పేరు పెట్టారు. మీకు నచ్చకపోతే మార్చుకుందాం.

చర్చిలో దించి, దుప్పటి తీశాం. కమిటీ పెద్దలు చుట్టూ నిలబడ్డారు. మేబెల్ ఆంటీ కూర్చుని ఒక పాట మొదలుపెట్టారు, సగంలో క్వాయరు అందుకుంది, కమిటీ వాళ్ళూ అందుకున్నారు. నా హ్యామర్ సంచిలోనే ఉండిపోయింది పెదనాన్నా. మీ లాగే.

సర్వీసయ్యాక బియ్యం పంచారు. ముసలివాళ్ళు బస్తాలు ఆటోల్లో, స్కూటర్ల మీద పట్టుకెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక పియానో ఎక్కిద్దామని బండి వెనక్కి తెచ్చి చూద్దును కదా, తొట్టి ఖాళీ. పోయేటప్పటి బరువు గురించి నెల రోజులు ఆలోచించిన మనకి, వచ్చేటప్పటి సంగతి ఒక్కరికీ తట్టలేదు. నేనూ జకర్యా గారూ మొహమొహాలు చూసుకున్నాం.

ఆంటీ వచ్చి తొట్టిలోకి చూసి, పియానో వంక చూసి, కమిటీ వాళ్ళని పిలిచారు. ఓ మూల నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఖాళీ బండిల మన పియానోను ఎట్ల పంపుతం? ఈడనే ఉండనియ్యి బిడ్డా. ఏడాది పొడుగునా ఉంటది. నువ్వు నెలకోపారి వచ్చి చూసుకో" అన్నారు. మన పియానో అన్నారు పెదనాన్నా. కిరాయి ఇక పండగకి కాదు, ఏడాదికి.

ఓడ ఖాళీగా ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. నేను దారంతా పాడుకుంటూ వచ్చాను.

మీ
షెకీనా

మచిలీపట్నం
19 డిసెంబర్ 2025

షెకీనా,

ఓడ పేరు బాగుంది, మార్చకు.

నీ ఉత్తరం అయిదుసార్లు చదివాను. ఆఖరిసారి చదువుతున్నప్పుడు పెద్దమ్మ నా అరచేతిని మా ఇంటి హార్మోనియం మీద పెట్టి, ఒక మెట్టు నొక్కి పట్టుకుంది. నా చేతికి తెలిసింది. ఇంత తెలుస్తున్నప్పుడు ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావని కాగితం మీద రాసి చూపించింది. వెళ్ళి టికెట్లు కొనుక్కొచ్చాను.

23న రైలుకి బయల్దేరుతున్నాం, 24 పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతాం. స్టేషనుకి ఓడ తీసుకురా. పెద్దమ్మ ముందు కూర్చుంటుంది. నేను వెనకే ఎక్కుతాను, పోలీసులు అడిగితే బరువు కోసమని చెప్పు. అక్కణ్ణుంచి ఇంటికి కాదు, నేరుగా బొల్లారం పోనివ్వు. నువ్వు పియానో వాయిస్తూ ఉండు, నేను పక్కన నిలబడి చెయ్యి ఆనిస్తాను. నువ్వు చేసిన శ్రుతి నేను ఇంతవరకూ వినలేదు.

పెదనాన్న